నొప్పి దాచుకుంటే ఊపిరి అందలేదు!

ఎండుమిరపకాయలు నూనెలో పడగానే మనం ఏం చేస్తాం? ముఖం పక్కకి తిప్పి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, దగ్గొచ్చేలోపల బాణలి దించేస్తాం. రోజూ చేసే పనే, ఎవరూ పట్టించుకోరు కూడా. కానీ 2022 సెప్టెంబరులో ఒక పొద్దున నేను పప్పుకి తిరగమోత పెడుతూంటే మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయారు. "దగ్గు రాలేదే!" అన్నారు మెల్లిగా. నిజమే, రాలేదు. ఏడు నెలల తర్వాత నా చేత్తో నేను పెట్టిన మొదటి తిరగమోత అది.

అంతకు ఏడు నెలల ముందు నా కుడి ఊపిరితిత్తిలో కింది భాగం కోసి తీసేశారు. కాన్సర్.

పచ్చళ్ళూ పొడులూ చదువుకుందామని పత్రిక తెరిచిన మీకు ఈ మాట వినగానే పేజీ తిప్పేయాలనిపిస్తుందేమో. కాస్త ఆగండి. భయపెట్టడానికి రాయడం లేదు. ఆపరేషను సంగతి డాక్టర్లు చెబుతారు, ఖర్చు సంగతి చుట్టాలు చెబుతారు. ఇంటికొచ్చాక ఏమవుతుందో, ముఖ్యంగా గాయం మానిన తర్వాత మొదలయ్యే మంట నొప్పి ఎలా ఉంటుందో నాకు ముందుగా తెలీదు. చెప్పే ఉంటారు, నా చెవికెక్కలేదేమో! నేను చేసిన తెలివితక్కువ పని మీరో, మీ ఇంట్లో ఇంకొకరో చేయకూడదని రాస్తున్నాను.

మాది జమ్మలమడుగు. ఆయనది నాపరాళ్ళ వ్యాపారం, చిన్నదే. అక్కని ప్రొద్దుటూరులో ఇచ్చారు. మా అమ్మాయిని పులివెందులలో ఇచ్చాం. పండగొచ్చినా పబ్బమొచ్చినా ఈ మూడూళ్ళ మధ్య బస్సుల్లో తిరగడమే నా లోకమంతా. పొడి దగ్గు మొదలైనప్పుడు రాళ్ళ దుమ్మనుకున్నాం. ఒళ్ళు తగ్గితే పని ఎక్కువైందనుకున్నాం. ఎక్స్‌రేలో మచ్చ కనబడితే టీబీ అన్నారు. కఫం పరీక్షలో క్రిమి కనబడలేదు, అయినా నెలల తరబడి టీబీ మాత్రలు మింగాను. ఆ చీటీ రాసిందెవరన్నది ఇప్పుడెందుకు లెండి. మన వైపు టీబీ ఎక్కువ, మచ్చ కనబడితే ముందు అదే తోస్తుంది. మీరు మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. కఫంలో క్రిమి లేదన్నారు, మాత్రలు వేసుకుంటున్నా దగ్గు తగ్గలేదు అంటే, "సీటీ స్కాన్ తీయించాలా? ముక్క తీసి పరీక్ష చేయించాలా?" అని నోరు తెరిచి అడగండి. నేను అడగలేదు.

చివరికి రాయవేలూరు వెళ్ళాం. పెళ్ళికి ప్రొద్దుటూరు బజారులో చేయించిన నా గాజులు మళ్ళీ ఆ బజారుకే చేరాయి. పోనీలెండి, చేతులు ఉన్నాయి కదా.

"బీడీ గానీ తాగుతావా?" అని మా వీధిలో ఒకావిడ గుసగుసగా అడిగింది. నా జన్మలో ముట్టలేదు. కానీ మా మామగారు తాగే బీడీల పొగ ఇరవై ఏళ్ళు పీల్చాను. మా ఇంటికి గ్యాసు రాకముందు కందికట్టె, పత్తికట్టె పొయ్యి ముందు ఎన్నేళ్ళు కూర్చున్నానో లెక్క లేదు. 1999లో దీపం పథకం కింద గ్యాసు పొయ్యి వచ్చేదాకా మా వీధిలో సగం ఇళ్ళ సంగతి అదే. కట్టెల పొగను కాన్సర్ కలిగించే అవకాశమున్న వాటిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ కాన్సర్ పరిశోధనా సంస్థ చేర్చింది. అందుకే వచ్చిందా అని డాక్టరుగారిని అడిగితే, "ఒక్క మనిషి విషయంలో ఇదే కారణమని చెప్పలేమమ్మా. పొగ తాగని ఆడవాళ్ళకి కూడా వస్తుంది" అన్నారు. ఆ మాటతో నా మీద పడిన నింద సగం దిగిపోయింది.

కుడి ఊపిరితిత్తిలో మూడు భాగాలుంటాయట, ఎడమ దాంట్లో రెండే. గుండెకి చోటివ్వాలి కదా! మూడింట్లో ఒకటి తీసేస్తే మిగతా రెండూ మెల్లగా సాగి ఆ ఖాళీని చాలావరకు సర్దుకుంటాయి. కాన్సర్ వచ్చిందని మొత్తం ఊపిరితిత్తిని తీసి, మనిషిని బతికించిన మొదటి ఆపరేషను 1933లో అమెరికాలో సెయింట్ లూయిస్‌లో జరిగింది. చేసింది ఎవార్ట్స్ గ్రాహం అనే సర్జను. చేయించుకున్నాయన కూడా డాక్టరే, కాన్పులు చేసే డాక్టరు జేమ్స్ గిల్మోర్. మిగిలిన ఒక్క ఊపిరితిత్తితోనే ఆయన మళ్ళీ వైద్యం చేసుకుంటూ 1963 దాకా బతికాడు. చిత్రమేమిటంటే, సర్జను గ్రాహం మాత్రం 1957లో ఊపిరితిత్తుల కాన్సరుతోనే పోయాడు. ఈ కథ విన్నాక, ఒక్కదానితో ఆయన ముప్పై ఏళ్ళు బతికితే నాకింకా రెండూ ఉన్నాయి కదా, ఒకటి కాస్త చిన్నదైందంతే అనుకున్నాను.

ఆపరేషను అయిన మర్నాటి నుంచే కూర్చోబెట్టారు. పక్కలోంచి గొట్టం, దాని చివర నీళ్ళ సీసా, దగ్గితే సీసాలో బుడగలు. ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి దిండు చేతికిచ్చి, "గాయం మీద గట్టిగా అదుముకుని దగ్గండి" అనేది. కోసిన చోట దగ్గమంటుందేమిటని ఒళ్ళు మండేది. మూడు గొట్టాల్లో మూడు గోళీలున్న ప్లాస్టిక్ పరికరం ఒకటిచ్చారు. పేరు స్పైరోమీటరు. నోటితో గాలి లోపలికి లాగితే గోళీలు లేవాలి. చాలామంది ఊదుతారు, నేనూ మొదట ఊదాను. ఊదకూడదు, పీల్చాలి! మొదటి రోజు ఒక్క గోళీ కూడా కదల్లేదు. ఇంటికి పంపే రోజుకి ఒకటి పైకి లేచి నిలబడింది.

ఆసుపత్రి ప్రొద్దుటూరులోనే దగ్గరని కొన్నాళ్ళు అక్కయ్య ఇంట్లో దిగాను. అసలు కథ అక్కడే జరిగింది.

నెలన్నరకి గాయం చక్కగా మానింది. వీపున రెక్క ఎముక కింద నుంచి రొమ్ము కిందిదాకా సన్నటి గీత. చూసినవాళ్ళంతా "ఏం బాగా కుట్టినారమ్మా!" అనేవాళ్ళు. లోపల మాత్రం నిప్పులు పోసినట్టు మంట. ఒక్కోసారి కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వున లాగడం. రొమ్ము కింద ఒకచోట గిల్లినా తెలీని మొద్దుతనం. దాని పక్కనే రవిక గుడ్డ తగిలినా ఓర్చుకోలేని సలుపు. గట్టిగా అదిమితే ఫర్వాలేదు, మెత్తగా తగిలితేనే ప్రాణం పోయేది. ఇదెక్కడి విడ్డూరం? ఎవరికి చెబితే నమ్ముతారు?

ఇప్పుడు తెలిసింది కాబట్టి చెబుతున్నాను. ప్రతి పక్కటెముక కింద అంచునే ఒక నరం పోతుంది. ఊపిరితిత్తిని చేరాలంటే రెండు ఎముకల మధ్య సందు చేసి, వాటిని ఎడం చేయాలి. అప్పుడు ఆ నరం నలుగుతుంది, సాగుతుంది. చర్మం నెలలో మానినా నరం అంత తొందరగా మానదు. పైతొడుగు ఊడిన కరెంటు తీగలాగా, ఏమీ లేకపోయినా నిప్పురవ్వలు చిమ్ముతూ ఉంటుంది. ఛాతీ తెరిచి ఆపరేషను చేయించుకున్నవాళ్ళలో ఇది చాలామందికి వచ్చేదే. చిన్న రంధ్రాల ద్వారా చేసినా కొందరికి వస్తుంది. అంతేగానీ నొప్పి ఉన్నంత మాత్రాన కాన్సర్ తిరగబెట్టినట్టు కాదు.

ఆ రోజుల్లో నాకు తోచింది ఒక్కటే, అది తిరిగొచ్చింది అని. ఆ మాట బయటికంటే మళ్ళీ వేలూరు, మళ్ళీ అప్పులు. ఆయన ముఖం చూస్తే నోరు పెగిలేది కాదు. అక్క "ఎట్లుండాదే?" అంటే "బాగుండాదక్కా" అనేదాన్ని. మనకి ఇది అలవాటే కదా! కాలు కాలినా "ఏం లేదులే" అని వడ్డన పూర్తి చేసి లేచేవాళ్ళం.

దీనికి తోడు ఇంకో తెలివితక్కువ పని చేశాను. డిశ్చార్జి చేస్తూ నరాల నొప్పికని రాత్రి వేసుకునే మాత్ర ఒకటి రాసిచ్చారు. చూడ్డానికొచ్చిన చుట్టాలామె ఆ పేరు చదివి, "ఇది మూర్ఛకిచ్చే మాత్ర గదమ్మా! మా మరిదికి ఇదే రాసినారు. అలవాటు పడితే మెదడు మొద్దుబారుతాది" అంది. ఆమె చెప్పిన మొదటి ముక్క అబద్ధం కాదు. గాబాపెంటిన్, ప్రెగాబాలిన్ లాంటి మందులు మూర్ఛకి వాడేవే. అమిట్రిప్టిలిన్ దిగులుకి వాడేది. అవే తక్కువ మోతాదులో మొదలుపెట్టి నరాల మంటకీ ఇస్తారు. మామూలు ఒళ్ళునొప్పుల మాత్రలకి లొంగని మంట వీటికి లొంగుతుంది. ఆ సంగతి నాకేం తెలుసు? మర్నాటి నుంచి మాత్ర చెత్తబుట్టలోకి!

మాత్ర మానేశాక నొప్పి రెట్టింపైంది. నొప్పికి భయపడి ఊపిరి పైపైన తీసుకోవడం మొదలెట్టాను. దగ్గొస్తే మింగేసేదాన్ని. గోళీల పరికరం చూస్తేనే వణుకు, తీసుకెళ్ళి బియ్యం బస్తా వెనకాల పెట్టేశాను. అక్క అడిగితే "పొద్దున్నే చేసేసినా" అని అబద్ధం. పది రోజులైందో లేదో, ఒక రాత్రి చలిజ్వరం, పక్కలో పోటు, గాలి అందక లేచి కూర్చున్నాను. మాట కూడా పూర్తిగా రావడం లేదు. 108 వచ్చి తీసుకెళ్ళింది.

న్యుమోనియా. లోతుగా గాలి పీల్చకపోతే ఊపిరితిత్తి అడుగున గదులు మూసుకుపోతాయి, దగ్గకపోతే కఫం అక్కడే నిలిచి చీము పడుతుంది. ఆరు రోజులు ఆక్సిజన్ పెట్టారు. మూడో రోజున పెద్ద డాక్టరుగారు మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"గాలి ఎందుకు పీల్చలేదమ్మా?"

"నొప్పి సార్."

"నొప్పని ఎందుకు చెప్పలేదు?"

నా దగ్గర జవాబు లేదు. అక్క గోడ వైపు తిరిగి ఏడుస్తోంది. "నొప్పి తగ్గించేది నీ సుఖం కోసం అనుకున్నావా? నొప్పి తగ్గితేనే ఊపిరి తీస్తావు. ఊపిరి తీస్తేనే ఊపిరితిత్తి తెరుచుకుంటుంది. ఈ మాత్ర మానితే ఆ ఆపరేషనంతా వృథా" అన్నారాయన. నొప్పి వేరు, ఊపిరి వేరు అనుకున్నాను అప్పటిదాకా! నొప్పి ఓర్చుకోవడం మంచితనం అనుకున్నాను.

వేలూరు వాళ్ళతో ఫోనులో మాట్లాడి మళ్ళీ మాత్ర చిన్న మోతాదుతో మొదలుపెట్టి, వారానికింత చొప్పున పెంచారు. మొదటి వారం తల తిరిగింది, నోరు పిడచకట్టింది, పగలంతా మత్తు. అందుకే రాత్రి పడుకునే ముందు వేసుకోమంటారు, లేచేటప్పుడు గోడ పట్టుకుని లేవమంటారు. రెండో వారంలో ఒక రాత్రి ఏకబిగిన ఆరు గంటలు నిద్రపోయాను. ఆ సుఖం ఏం చెప్పను! అయితే మంట పూర్తిగా పోతుందని ఆశ పెట్టుకోకండి. నాకు పదికి ఎనిమిదిగా ఉన్నది మూడుకి దిగింది. ఆ మూడుతో కాపురం చేయొచ్చు. ఇంకో ముఖ్యమైన మాట. ఈ మందుల్ని ఎవరి చీటీనో చూసి కొనుక్కోకండి. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళకి మోతాదు మార్చాలి. మానాలన్నా డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ మానాలి, నాలాగా ఒక్కరోజులో కాదు.

తర్వాత అమ్మాయి వచ్చి, "అత్త చేతిలో పెడతా నిన్ను, అక్కడైతే దాచుకోలేవు" అని పులివెందుల తీసుకెళ్ళింది. దారి పొడుగునా బస్సు ఎగిరినప్పుడల్లా దిండు పక్కకి అదుముకున్నాను. ఆ దిండుకి నేను పెట్టిన పేరు తోడికోడలు!

వాళ్ళ ఇల్లు ఊరి చివర, వెనకాలే చీనీతోట. మా వియ్యపురాలు చదువుకోలేదు గానీ చెబితే వినిపించుకునే మనిషి. నోటి పెదాలు సున్నాలాగా చుట్టి మెల్లగా గాలి వదలాలి, పీల్చడానికి పట్టిన సేపుకి రెట్టింపు సేపు వదలాలి అని ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది నాకెప్పుడూ కుదిరేది కాదు. వియ్యపురాలు చూసి, "ఓస్, ఊదుగొట్టంతో పొయ్యి ఊదినట్లే గదా వదినా! అయితే బూడిద లెయ్యకూడదు, నిప్పు మాత్రం రాజుకోవల్ల, అట్ల ఊదు" అంది. దెబ్బకి కుదిరింది. ఏ పొయ్యి ముందు కూర్చుని పొగ మింగానో ఆ పొయ్యి ఊదిన పద్ధతే నాకు ఊపిరి నేర్పింది.

పొద్దున్నే తోటలో నడక. మొదటి రోజు నాలుగు చెట్లు దాటేసరికి ఆయాసం. ఆయాసం వస్తే కూలబడకూడదు. ముందుకి వంగి చెట్టుకో గోడకో చేతులు ఆనించి, పెదాలు చుట్టి గాలి వదులుతూ నిలబడాలి, రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది. నడుస్తూ మాట్లాడగలిగేంత వేగంలోనే నడవాలి. రెండు రోజులకో చెట్టు చొప్పున పెంచుకున్నాను. జ్వరమో నీరసమో ఉన్నరోజు తగ్గించాను. మా మనవడు గోళీల పరికరాన్ని పందెం చేసేశాడు. "అవ్వా, రెండోది లేపితే చాక్లెట్!" ఎవరికనుకున్నారు? వాడికే!

చెయ్యి సంగతి మరిచాను. నొప్పని కుడి చెయ్యి కదపకుండా ఉంచితే భుజం బిగుసుకుపోతుంది. జడ వేసుకోలేం, అటక మీది డబ్బా అందదు. గోడకి ఎదురుగా నిలబడి వేళ్ళతో బల్లిలాగా పైకి పాకించాలి. ఎంతదాకా పోయిందో అక్కడ పెన్సిలుతో గీత. వాళ్ళ గోడంతా గీతలే. సున్నం వేయిస్తామంటే మా అల్లుడు వద్దన్నాడట, ఉండనీ అని.

తాకితే మంట పుట్టే చోటుకి కూడా మెల్లగా అలవాటు చేయాలి. గాయం పూర్తిగా మానాక రోజూ రెండుమూడు సార్లు ముందు పట్టుగుడ్డతో, కొన్నాళ్ళకి మెత్తటి నూలుగుడ్డతో, ఆపైన తువ్వాలుతో సుతారంగా రాశాను. నరానికి అది దెబ్బ కాదు, గుడ్డే అని నేర్పడమన్నమాట. రవికల విషయంలో మాత్రం నేనే తెలివి ఉపయోగించాను. పాత నూలు చీరలు చింపి వదులుగా, కుట్లు బయటి వైపుకి వచ్చేట్టు, హుక్కులు ఎడమ పక్కకి పెట్టి నాలుగు కుట్టించుకున్నాను. లోపాడీ బిగింపు గాయం మీద పడకుండా బొందుల బాడీ కుట్టించాను. మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషను జరిగితే పళ్ళు పట్టుకెళ్ళకండి, ఇలాంటి రవికలు రెండు కుట్టించి ఇవ్వండి.

ఒక పొరపాటు కూడా చెప్పాలి. ఓ రాత్రి సలుపుకి వేడినీళ్ళ సంచి పెట్టుకుని పడుకున్నాను. పొద్దున చూస్తే రొమ్ము కింద పెద్ద బొబ్బ! మొద్దుబారిన చోట కాలినా తెలీదు. అక్కడ వేడి గానీ, ఐసు గానీ నేరుగా పెట్టకండి.

ఆగస్టు ఆఖరుకి జమ్మలమడుగు చేరాను. వంటింట్లో కొన్ని మార్పులు చేసుకున్నాను. బరువు గిన్నెలన్నీ నడుము ఎత్తు అరలోకి. కూరలు తరగడం స్టూలు మీద కూర్చునే. బిందె ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకుండా, గాలి వదులుతూ ఎత్తడం. కారం దంచడం, అల్లం వెల్లుల్లి పెద్దగా నూరడం నాకొద్దని చెప్పేశాను. కడుపు నిండా సంగటి తింటే ఆయాసం ఎక్కువయ్యేది, అందుకని కొద్దికొద్దిగా నాలుగుసార్లు. కండ పట్టాలి కాబట్టి రోజూ గుడ్డు, పప్పు, చెనిక్కాయల పొడి. బలమైన నొప్పి మాత్రలు కొన్ని మలబద్ధకం చేస్తాయి, ముక్కితే కుట్ల దగ్గర ప్రాణం పోతుంది. నీళ్ళు, ఆకుకూర, అరటిపండు మానొద్దు. పొయ్యి దగ్గర కిటికీ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, ఇంట్లో బీడీ సిగరెట్టు వెలిగించేవాళ్ళు ఎంతటి చుట్టమైనా అరుగు మీదికే!

అలాగని ప్రతి నొప్పినీ నరాల మీదికి నెట్టేయకండి. కొత్తచోట నొప్పి, కఫంలో రక్తం, జ్వరం, హఠాత్తుగా ఊపిరాడకపోవడం, ఒక్క కాలే వాచి నొప్పెట్టడం, వీటిలో ఏది కనబడ్డా ఆ పూటే డాక్టరుకి చూపించాలి. నేనిప్పటికీ స్కాన్లకి వెళుతున్నాను. వెళ్ళే ముందు వారం రోజులు నిద్ర పట్టదు, అదింకా పోలేదు. మబ్బు పట్టిన రోజు పక్కలో సలుపుతుంది. గండికోట వెళితే పెన్నా లోయ అంచుకి చేరేలోపు రెండుసార్లు కూర్చుంటాను. చుట్టాలు ముందు నడిచిపోతారు, నేను వెనక నా లెక్కన నడుస్తాను.

ఆ ఏడు దసరాకి అక్క రమ్మంది. ప్రొద్దుటూరు దసరా సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అమ్మవారిశాల దగ్గర జనం, దీపాలు, తొట్టిమెరవణి చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. గుంపులో నావల్ల కాదన్నాను. అక్కా వాళ్ళకి తెలిసినవాళ్ళ మిద్దె మీద నుంచి చూద్దామన్నారు. పద్దెనిమిది మెట్లు. మూడు మెట్లకోసారి ఆగి, పొయ్యి ఊదినట్టు ఊదుకుంటూ ఎక్కాను. కింద డప్పులు, పైన గాలి. అక్క నా పక్కకొచ్చి నిలబడింది.

"ఎట్లుండాదే?" అంది ఎప్పటిలాగే.

"నొస్తాందక్కా" అన్నాను.

"మాత్ర ఏసుకున్న్యావా?"

"ఏసుకుంటి. కూర్చునేదానికి ఏమన్నా ఉంటే సూడు."

అక్క జనంలోంచి తోసుకుంటూ పోయి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చింది.